ఆలి ఆర్జనయు, అంగవికలుని పింఛనును
(ఆర్మూరు పఠనాలయమున ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



పసుపు బజారు గల ఈ ఊరిలో లెక్క తెలియనివాడు లేడు. తూకములో ఎంత తరుగు పోయెనో, తేమకు ఎంత కోసిరో, దళారి చేతికి ఎంత చేరెనో, బండి ఇల్లు చేరులోపల రైతు వ్రేళ్లమీద చెప్పగలడు. నేడు నేను మీ ముందు పెట్టదలచినదియు ఒక తరుగు లెక్కయే. అంగవైకల్యము వలననో, దీర్ఘవ్యాధి వలననో పని చేయజాలని మనిషికి ప్రభుత్వమిచ్చు భృతి యొకటి కలదు. ఆ మనిషికి భార్యయో భర్తయో యుండి, ఆ తోడు నాలుగు రూకలు సంపాదించినచో, ఈ భృతిలో ఎంత తరుగు పడవలెను? అసలు పడవలెనా, పడకూడదా? ఇదియే నేటి ప్రసంగవిషయము.

ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని దీనిలో మఱియొక పెద్ద ప్రశ్న ఇమిడియున్నది. నడువలేని మనిషికి మనిషిగా హక్కు కలదా, లేక ఒక ఇంటికి తోకగా మాత్రమే కలదా? ఈ ప్రశ్నకు మన చట్టములు రెండు నోళ్లతో రెండు సమాధానములు చెప్పుచున్నవి. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినగాని న్యాయమెక్కడ నున్నదో తేలదు.

మొదట ఒక భేదమును గుర్తింతము. రోగికిని వికలాంగునికిని ధనసహాయము రెండు త్రోవల వచ్చును. ఒకటి బీమా త్రోవ. రెండవది సహాయపు త్రోవ. బీమా త్రోవకు మన దేశమున మూలము 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టము. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా స్మృతిలోను ఆ సూత్రమునే నిలిపిరి. ఇందు కార్మికుడు తన వేతనములో కొంత, యజమాని కొంత చెల్లింతురు. 2019 జూలై నుండి కార్మికుని వంతు నూటికి 75 పైసలు, యజమాని వంతు నూటికి 3 రూపాయల 25 పైసలుగా నిర్ణయించిరి. కార్మికుడు జబ్బుపడినచో ఏడాదికి 91 దినముల వఱకు వేతనములో నూటికి 70 వంతుల చొప్పున భృతి లభించును. పనిలో గాయపడినచో నూటికి 90 వంతులు. మీరు గమనింపవలసినదేమనగా, ఈ సొమ్ము ఇచ్చునప్పుడు నీ భార్య ఏమి సంపాదించుచున్నదని ఎవరును అడుగరు. అడుగుట కర్థమును లేదు. చందా కట్టినవాడు అతడు, గాయపడినవాడు అతడు, భృతి అతనిది.

పనిలో ప్రమాదమున కాలో చేయో పోయినచో నష్టపరిహార మిప్పించుటకు 1923లోనే చట్టము వచ్చినది. అందును వేతనమెంత, వయస్సెంత, వైకల్యమెంత యను మూడు ప్రశ్నలే. రోడ్డు ప్రమాదమున దెబ్బ తగిలినవాడు న్యాయస్థానమునకు వచ్చినప్పుడును, ఇంటిలో భార్య కుట్టుపని చేయుచున్నది గనుక వీని కాలి విలువ తగ్గింపుడని వాదించు బీమా కంపెనీ న్యాయవాదిని నేనింతవఱకు చూడలేదు. అట్లు వాదించినచో న్యాయమూర్తి నవ్వి కూర్చుండు మనును.

అంతేకాదు. మన రాష్ట్రమున 2018 ఆగస్టు నుండి రైతు బీమా నడచుచున్నది. పట్టాదారుడైన రైతు 59 ఏండ్లలోపల ఏ కారణమున మరణించినను వారసునికి 5 లక్షల రూపాయలు. ఇచ్చటను విధవయైన ఆలి ఆర్జన ఎంతయని విచారణ లేదు. మంచిదే. కాని అదే రైతు మరణింపక, పసుపు ఉడుకబెట్టు కడాయి మీద పడియో, ట్రాక్టరు క్రింద పడియో, అవయవములు పోగొట్టుకొని బ్రతికినచో ఆ బీమా అతనికి వర్తింపదు. చచ్చినవాని ఇంటికి అడుగని ప్రశ్న, బ్రతికి మంచము పట్టినవాని ఇంటికి అడుగుటకు మొదలగును. ఎందుకనగా అతడిప్పుడు రెండవ త్రోవలోనికి, అనగా సహాయపు త్రోవలోనికి వచ్చినాడు.

మన ప్రాంతమున ఎక్కువమందికి ఉన్న త్రోవ ఈ రెండవదే. పసుపు త్రవ్వు కూలికి, కొమ్ములు విరచు ఆడుదానికి, సొంత మడిలో నడుము విరిగిన చిన్న రైతుకు కార్మిక రాజ్య బీమా ఎక్కడిది? బీడీ కార్మికులకు 1976లో వేఱొక సంక్షేమ నిధిని ఏర్పఱచిరి. దానికి ఆధారమైన బీడీల పై సుంకమును 2017లో వస్తు సేవల పన్ను రాకతో ఎత్తివేసిరి. కావున జబ్బుపడిన బీదవాడు చివరకు చేరు గడప పింఛను గడపయే.

ఆ గడప చరిత్ర సంక్షేపముగా చెప్పెదను. కేంద్ర ప్రభుత్వము 2009లో ఇందిరాగాంధీ పేర వికలాంగుల పింఛను ప్రారంభించినది. దారిద్ర్య రేఖకు దిగువనున్న కుటుంబములవారికే. వైకల్యము నూటికి 80 వంతులైనను ఉండవలెను, లేదా ఒకటికి మించిన వైకల్యము లుండవలెను. కేంద్రమిచ్చు వంతు 2012 నుండి నెలకు 300 రూపాయలు. మన తెలంగాణమున 2014 నవంబరులో ఆసరా పథకము వచ్చినది. వికలాంగునికి అంతకుముందున్న 500 రూపాయలను 1,500 చేసిరి. 2019 జూన్ నుండి 3,016. 2023 జూలై నుండి 4,016. ఇచ్చట నూటికి 40 వంతుల వైకల్యము చాలును. వినికిడి లోపమునకు 51. బోదకాలు వారికి 2018 నుండి, రక్తశుద్ధి చికిత్సపై బ్రతుకు మూత్రపిండ రోగులకు 2022 నుండి భృతి కలిగినది. ఇవి చిన్న మేళ్లు కావు. నాలుగు వేలతో మందులు వచ్చును, బియ్యము మీదికి కూర వచ్చును, అన్నిటికంటె ముఖ్యముగా ఇంటిలో మాటకు విలువ వచ్చును.

ఇప్పుడు గడపలోని ముల్లును చూపెదను. 2014 నాటి ఆసరా ఉత్తర్వులో అర్హులు కానివారి పట్టిక యొకటి కలదు. మూడెకరములకు మించిన తరి గాని, ఏడున్నర ఎకరములకు మించిన మెట్ట గాని యున్నచో అర్హత లేదు. సంతానము ఉద్యోగములో నున్నచో లేదు; ఆ ఉద్యోగము ప్రభుత్వముదైనను, ప్రయివేటుదైనను, కాంట్రాక్టుదైనను ఒకటే. నాలుగు చక్రముల బండి యున్నచో లేదు. ఈ పట్టిక చివర నున్న వాక్యము న్యాయవాది కంటికి వెంటనే తగులును: జీవన సరళి, వృత్తి, ఆస్తులు చూచి విచారణాధికారి అనర్హుడని తలంచినచో అనర్హుడే. ఎంత ఆదాయము ఎక్కువ యని అంకె లేదు. ఎవరి వృత్తి యని పేరు లేదు. ఇంటిముందు కొత్త మోటారు సైకిలు నిలిచినను, ఆలి కుట్టుమిషను కొన్నను, విచారించువాని కన్నే కొలబద్ద.

పొరుగు ఆంధ్రప్రదేశమున 2019 డిసెంబరులో అంకెలు వేసిరి. పల్లెలో కుటుంబ ఆదాయము నెలకు 10,000, పట్టణమున 12,000 మించరాదు. భూమి తరి మూడెకరములు, మెట్ట పదెకరములు. విద్యుత్తు నెలకు 300 యూనిట్లు. ఇంటిలో ఎవరును ప్రభుత్వోద్యోగి గాని, ఆదాయపు పన్ను కట్టువారు గాని కాకూడదు. అంకె యుండుట ఒక విధముగా మేలు, అధికారి ఇష్టానిష్టములకు చోటు తగ్గును. కాని అంకె గోడవలె నిలిచినచో ఏమగునో లెక్క వేసి చూతము. 2024లో ఆ రాష్ట్రమున వికలాంగుని పింఛను 6,000 అయినది. పల్లెలోని యొక ఇల్లాలు నెలకు 9,500 తెచ్చుచు, భర్త పింఛను 6,000 వచ్చుచున్నదనుకొందము, మొత్తము 15,500. ఆమె కూలి వెయ్యి పెరిగి 10,500 అయినది. నియమమును అక్షరాలా అమలు జరిపినచో పింఛను పోవును; ఇంటికి మిగులునది 10,500. వెయ్యి అధికముగా కష్టపడినందుకు ఐదువేల జరిమానా! ఏ పసుపు దళారియు ఇంత తరుగు తీయడు.

ఈ లెక్క బీదవారికి మనకంటె ముందే తెలియును. చదువులేని ఇల్లాలు సైతము దీనిని గ్రహించును. గ్రహించి ఏమి చేయును? కొలువు వద్దనును. కూలి లెక్కలో వ్రాయవద్దని మేస్త్రిని బ్రతిమాలును. భవిష్యనిధిలో పేరు చేర్పించుకొనుటకు జంకును. భవిష్యనిధి అక్కఱ ఎంతటిదో నిజామాబాదు జిల్లావారికి చెప్పనక్కఱలేదు. ఇంటివద్ద బీడీలు చుట్టు స్త్రీలును కార్మికులే, వారికిని ఆ నిధి వర్తించునని 1985లో సుప్రీం కోర్టు పి. ఎం. పటేల్ కంపెనీ వ్యాజ్యెములో తీర్పు చెప్పినది. 2015 నుండి ఈ రాష్ట్రమున బీడీ కార్మికుల కిచ్చు భృతికి కూడ ఆ సభ్యత్వమే ఆధారము. ఎన్నో ఏండ్లు పోరాడి సంపాదించిన ఆ గుర్తింపును, భర్త పింఛను పోవునను భయముచే స్త్రీ తనంత తాను దాచుకొనవలసివచ్చిన, అది ఎవరి లాభము? ప్రభుత్వమునకు లాభము లేదు, ఇంటికి లేదు, ఆమె వార్ధక్యమునకు అసలే లేదు.

ఇక ఆడుదే వికలాంగురాలైన ఇంటిని చూడుడు. మన తాలూకాలో గల్ఫు దేశములకు మగవారు పోని పల్లె అరుదు. భర్త దుబాయిలో నున్నాడు గనుక ఈమెకేమి లోటని ఊరనును, విచారణాధికారియు అనుకొనును. అతడు ఏజెంటు అప్పు తీర్చుచున్నాడో, జీతము రాక క్యాంపులో కూర్చున్నాడో, పంపిన డబ్బు అత్తగారి చేతికి పోవుచున్నదో ఎవరు చూచిరి? వాని సంపాదన కాగితముపై ఆమెది, చేతిలో కాదు. పోలియో కాలితో గడప దాటలేని స్త్రీకి తన పేర వచ్చు నాలుగు వేలకును, ఇంకొకరి దయపై ఆధారపడిన నలుబది వేలకును గల భేదము అనుభవించిన ఆమెకే తెలియును. మొదటిది హక్కు. రెండవది ఎదురుచూపు. అత్తవారింట మాట పడినప్పుడు, చేయి చేసుకొన్నప్పుడు, పుట్టింటికి బస్సు టికెట్టుకైనను ఆ హక్కే ఆధారము.

ఇచ్చట చట్టమును చేతబట్టుకొని నేనొక ప్రశ్న వేసెదను. భార్య సంపాదన భర్తదే, భర్త సంపాదన భార్యదే యని పింఛను శాఖ తలంచుచున్నది గదా. ఆ సొమ్మును పొందు హక్కు మన చట్టము నిజముగా ఇచ్చుచున్నదా? వికలాంగురాలైన భార్యకు భర్తనుండి మనోవర్తి రావలెనన్నచో, శక్తి యుండియు అతడు పోషింపక నిర్లక్ష్యము చేసెనని మేజిస్ట్రేటు ఎదుట ఋజువు చేయవలెను. ఇది 1973 స్మృతిలో 125వ సెక్షను. 2024 జూలై నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితలో 144వది. వికలాంగుడైన భర్త కా సెక్షనులో చోటేలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టమున 24, 25 సెక్షనుల క్రింద భర్తయు అడుగవచ్చును. కాని వివాహ సంబంధమైన వ్యాజ్యె మొకటి న్యాయస్థానమున నడచునప్పుడే. అనగా కలిసి కాపురము చేయుచున్నంత కాలము, ఆలి ఆర్జనలో ఇంత భాగము నాదని అతడు అడుగుటకు త్రోవ లేదు. ప్రభుత్వము అతనికి వచ్చినదని లెక్క వ్రాసికొన్న సొమ్మును చట్టము అతనికి ఇప్పింపదు! "అమ్మ పెట్టదు, అడుక్కొని తిననీయదు" అను సామెత దీనికే పుట్టినదేమో.

మఱియొక విచిత్రము. వికలాంగులను వికలాంగులు కానివారు పెండ్లాడినచో మన ప్రభుత్వము వివాహ ప్రోత్సాహకముగా లక్ష రూపాయలిచ్చుచు వచ్చినది. ఉద్దేశము ఘనమైనది. కాని పెండ్లి చేసికొమ్మని ఒక చేత అక్షతలు చల్లి, పెండ్లియైన పిమ్మట జీవిత భాగస్వామి రాబడిని చూపి రెండవ చేత నెలనెలా వచ్చునది తీసివేయు నియమము లున్నచో, ఆ అక్షతలకు అర్థమేమి? నెలకు 4,016 చొప్పున లక్ష రూపాయలు ఇరువదియైదు నెలలలో తీరిపోవును. కాపురము అంతకంటె ఎక్కువ కాలము నిలువవలెనని కదా ఆశీర్వదింతుము.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. బ్రిటనులో 1931లో నిరుద్యోగులపై ఇంటింటి ఆదాయ పరీక్ష విధించిరి. కొడుకు కూలిని తండ్రి భృతిలో తగ్గించిరి. తండ్రి ముద్ద తన మెడకు పడినదని కొడుకు ఇల్లు వీడుట, కొడుకు కూటికి చేయి చాచవలసివచ్చెనని తండ్రి క్రుంగుట ఇంటింటి కథయైనది. పదేండ్లు జనము దానిని ద్వేషించిరి. 1941లో శాసనముచే దానిని తొలగించిరి. మరుసటి ఏడు వెలువడిన బెవరిడ్జి నివేదిక, చందా కట్టినవానికి ఆదాయ పరీక్ష లేక భృతి ఇయ్యవలెనను సూత్రమును ప్రతిపాదించినది. నేటికిని ఆ దేశమున చందాపై వచ్చు వ్యాధి భృతికి గాని, వైకల్యము వలన కలుగు అదనపు ఖర్చుకై ఇచ్చు భృతికి గాని భాగస్వామి జీతము అడ్డు రాదు. బీదరికముపై ఇచ్చు సహాయమునకు మాత్రము దంపతులిద్దరి ఆదాయమును కలిపి చూతురు.

ఆ దేశముననే 1976లో వికలాంగులకు సేవచేయువారికి భృతి ఏర్పఱచి, భర్తతో నున్న స్త్రీలకు లేదనిరి. భర్త పోషించును గదా యని వారి వాదము. జాక్వెలిన్ డ్రేక్ అను ఆమె తన తల్లికి సేవచేయుటకై కొలువు మాని, ఈ నియమమును ఎదిరించి యూరోపియను న్యాయస్థానము వఱకు పోయెను. 1986లో ఆమె గెలిచెను. పెండ్లియైనంత మాత్రమున స్త్రీ పాటుకు విలువ లేకపోదని తేలినది. అమెరికాలో, మనవారు పెక్కుమంది యున్న ఆ దేశములో, చందాపై వచ్చు వైకల్య భృతికి భాగస్వామి ఆదాయము లెక్కకు రాదు. బీదలకిచ్చు సహాయములో వచ్చును. అందు 1989 నుండి ఒంటరివాడు దాచుకొనదగిన సొమ్ము 2,000 డాలర్లు, దంపతులకు 3,000. ఇద్దరు వికలాంగులు విడివిడిగా నున్న నాలుగు వేలు, మూడుముళ్లు పడినచో మూడు వేలు. ధనిక దేశమునను ఈ తప్పుడు లెక్క నిలిచియున్నది.

ఎదుటివాదమును కూడ నిజాయితీగా వినవలెను. ఖజానా అక్షయపాత్ర కాదు. ఉన్న సొమ్ము కడుబీదకు ముందు పోవలెను. మిల్లు యజమాని భార్యకు కాలు కుంటియైనచో కూలివాని పన్నుతో ఆమెకు పింఛనేల? ఈ వాదములో బలము కలదు; నేను కాదనను. ఒక పాత్రలో వండి ఒక్కపొయ్యి దగ్గర తినువారి బీదరికమును ఇంటిగా చూచుట సహజమే. బియ్యపు కార్డుకు పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్టణమున రెండు లక్షల ఆదాయ పరిమితి యున్నచో దానిని నేను ఆక్షేపింపను. అన్నము ఇల్లంతయు కలిసి తినునది.

కాని వైకల్యము ఇల్లంతయు కలిసి పంచుకొనునది కాదు. కాలు లేనివాని ఆటో బాడుగ, పడకనున్నవాని గుడ్డలు, రక్తశుద్ధికై వారమునకు రెండు మూడు మార్లు నిజామాబాదు పోయివచ్చు ఖర్చు, ఇవి వైకల్యము వేయు పన్ను. ఆలి పది వేలు తెచ్చినను ఈ పన్ను పోదు. పైగా ఆమె తెచ్చు పది వేల వెనుక మఱియొక పాటు కలదు. తెల్లవారుజామున అతనిని లేపి, కడిగి, తినిపించి, మధ్యాహ్నము పరుగెత్తి వచ్చి మందు వేసి, మరల పనికి పోవును. ఈ సేవకు జీతమెవరిచ్చిరి? గృహిణి పాటుకు వెల కలదని 2021 జనవరిలో కీర్తి వ్యాజ్యెమున సుప్రీం కోర్టు చెప్పినది. ఆ ధర్మాసనమున మన తెలుగువారైన జస్టిస్ ఎన్. వి. రమణ ప్రత్యేకముగా ఈ విషయమునే వివరించిరి. ప్రమాదములో మరణించిన గృహిణి సేవకు న్యాయస్థానము వెల కట్టునప్పుడు, బ్రతికి సేవచేయు గృహిణి కూలిని భర్త పింఛనుకు శత్రువుగా చూచుట ఏమి నీతి?

ఇక శాసనము ఏమనుచున్నదో చూతము. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశము 2007 అక్టోబరులో ఆమోదించినది. దాని 28వ అధికరణము తగినంత జీవన ప్రమాణమును హక్కుగా పేర్కొనును. దాని ననుసరించి చేసిన 2016 నాటి చట్టమున 24వ సెక్షను సామాజిక భద్రతను గూర్చినది. ఇతరుల కిచ్చుదానికంటె వికలాంగునికి నూటికి కనీసము ఇరువదియైదు వంతు లధికముగా నీయవలెనని అందు కలదు. ప్రభుత్వము ప్రకటించు ఆదాయ పరిమితికి లోబడి పింఛను ఈయవలెనని కలదు. ఆదాయ పరిమితి యన్నారు. ఎవరి ఆదాయమో చెప్పలేదు. భార్యదనియు లేదు, భర్తదనియు లేదు, కొడుకుదనియు లేదు. 13వ సెక్షను ప్రకారము వికలాంగుడు తన ఆర్థిక వ్యవహారములను తానే నడపుకొను హక్కు గలవాడు. ఒక సెక్షనులో స్వతంత్రుడైనవానిని ఇంకొక సెక్షనులో ఇంటి యజమానికి అనుబంధముగా చదువుట న్యాయముగా తోచదు. కావున ఆ సెక్షనులోని ఆదాయము వికలాంగుని సొంత ఆదాయమేయని అన్వయించుటకు అవకాశ మున్నదని నా మనవి. అధిక సహాయము కావలసిన వికలాంగునికి సేవకుని భత్య మీయవలెననియు అదే సెక్షనులో కలదు. ఆ మాట కాగితమునుండి కదలి ఇంటింటికి రావలసియున్నది.

పెండ్లి, సంసారము, ఆదాయము ఏమియు చూడక వికలాంగుని మనిషిగా చూచిన చట్టము మనకు లేకపోలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టమున 12వ సెక్షను ప్రకారము స్త్రీకిని వికలాంగునికిని ఉచిత న్యాయసహాయము హక్కు. వారికి ఆదాయ పరిమితియే లేదు. భర్త జీతమెంతయని అడుగరు. వకీలును ఇచ్చుటకు అక్కఱలేని ప్రశ్న, అన్నము పెట్టుటకు అక్కఱయైనదా?

కావున మనము కోరవలసిన వేవి? మొదటిది, వైకల్యమునకై ఇచ్చు సొమ్మును బీదరికమునకై ఇచ్చు సొమ్మునుండి విడదీయవలెను. మొదటిదానికి భాగస్వామి ఆర్జన అడ్డు కారాదు. రెండవది, ఖజానా చాలక ఆదాయ పరిమితి తప్పనిసరియైనచో, అది గోడగా కాక వాలుగా నుండవలెను. ఆలి కూలిలో కొంత మొత్తమును అసలు లెక్కింపక, దానిపై పెరిగిన రూపాయికి పింఛనులో పావలాయో అర్ధయో తగ్గించినచో, కష్టపడినవారికి నష్టముండదు. మూడవది, జీవన సరళి యను కొలతలేని మాటను తీసివేసి, కొలతగల నియమము పెట్టవలెను. నాలుగవది, నోటీసు ఇయ్యక, మాట వినక, కారణము వ్రాయక ఎవరి పింఛనును ఆపరాదు. ఐదవది, సొమ్ము వికలాంగుని సొంత ఖాతాకే పోవలెను. ఆ ఖాతా పుస్తకము అతని తలగడ క్రింద నుండవలెను.

కోరికలు శాసనసభకు చేరుటకు కాలము పట్టును. ఈలోపల మీ వాడలో ఎవరికైన పింఛను ఆగినచో చేయవలసినది చెప్పెదను. నోటిమాటతో తిరిగి రావద్దు. పల్లెలో మండల పరిషత్తు అభివృద్ధి అధికారిని, పట్టణమున పురపాలక కమిషనరును, ఏ నియమము క్రింద ఆపిరో వ్రాసి యిమ్మని కాగితముపై అడుగుడు. ఇయ్యనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టుడు. ముప్పది దినములలో జవాబు రావలెను. సోమవారము కలెక్టరు కచేరిలో ప్రజావాణి జరుగును. అచ్చట అర్జీ ఇచ్చి రసీదు తీసికొనుడు. అది చాలనిచో 2016 చట్టము క్రింద రాష్ట్ర వికలాంగుల కమిషనరు కలరు. న్యాయస్థానమునకు పోవలసివచ్చినచో జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితముగా ఇచ్చును. వైకల్య ధ్రువపత్రము, ఆధారు, బ్యాంకు పుస్తకము, పాత పింఛను పత్రము ఒక సంచిలో భద్రముగా నుంచుడు. అన్నిటికంటె ముఖ్యము, పింఛను పోవునను భయముతో ఆలి కొలువును దాచవద్దు. దాచిన కొలువు రేపు జబ్బు చేసినప్పుడు ఆదుకొనదు. నిజము వ్రాసి, నియమమును ఎదిరించి నిలుచుటయే మేలు.

ఈ పఠనాలయమున కూర్చున్న చదువరులకు నా కడపటి విన్నపము. అర్జీ వ్రాయరాని ఇల్లాలు బీడీ ఆకు కత్తిరించు చేతితో కాగితము పట్టుకొని మీ గడపకు వచ్చినచో, అరగంట కూర్చుండి వ్రాసిపెట్టుడు. తారీఖు వేయుడు, నకలు ఉంచుడు, రసీదు అడుగుమని చెప్పుడు. మన పసుపు తూకములో ఒక తులము తగ్గినచో యార్డు మొత్తము అడ్డము తిరుగుదుము. మంచము మీది మనిషి హక్కులో నెలకు నాలుగు వేలు తగ్గినప్పుడు ఆ గొంతు ఎందులకు మూగవోవలెను? తూకమన్నది అందఱికి ఒకటే కావలెను.